గడ్డికి గుండు

కత్తెరయ్యకి ఈ లోకంలో ఒకే ఒక్క తల మిగిలింది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఒకప్పుడు ఆయన చేతికింద రోజూ ఎన్ని తలలు వంగేవో లెక్కే లేదు. బజారులో మూడు కుర్చీల దుకాణం, గోడ పొడుగునా అద్దాలు, బెంచీ మీద వంతు కోసం కూర్చున్న జనం, ఆ జనం మధ్య తెగని కబుర్లు. ఉద్యోగం వచ్చినవాడూ వచ్చేవాడు, పరీక్ష పోయినవాడూ వచ్చేవాడు, పనీపాటా లేక ఊసుపోక వచ్చి కూర్చునేవాళ్ళకైతే కొదవే లేదు. రోడ్డు వెడల్పు చేస్తున్నామంటూ ఒకరోజు పెద్ద యంత్రం వచ్చింది, దుకాణం నేలమట్టమైంది. అంతే, ఆ జనమంతా చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. కత్తెరయ్య పెద్ద ఇనప కుర్చీ ఒక్కటి ఇంటికి తెచ్చుకున్నాడు.

తెచ్చుకున్నాడు సరే, పెట్టడానికి చోటేదీ? ముందుగది గుమ్మంలోనే ఇరుక్కుపోయింది. లోపలికి పోదు, బయటికి రాదు. మోసుకొచ్చినవాళ్ళు దాంతో కుస్తీ పట్టి పట్టి, చివరికి ఇంటి ముందున్న పచ్చిక మీద దింపి చేతులు దులుపుకున్నారు. ఆ పచ్చిక ఆయన భార్యది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ దానికి నీళ్ళెవరు పెడుతున్నారో, ఎవరు కోస్తున్నారో ఆయనకి పట్టలేదు. ఆవిడ పోయింది, దుకాణం పోయింది, పిల్లాజెల్లా ముందునుంచీ లేరు. ఇక మిగిలినవి ఆ కుర్చీ, ఆ గడ్డి, ఆదివారం పొద్దున వచ్చే ఆ ఒక్క తల.

ఆ తల కండక్టరుది. బస్సు దిగి, సంచీ అప్పజెప్పి ఏళ్ళు గడిచినా అందరూ ఆయన్ని కండక్టరుగారనే పిలుస్తారు. కత్తెరయ్యా ఆయనా ఒకరినొకరు బావా అనుకుంటారు గానీ చుట్టరికం ఇసుమంత కూడా లేదు. దుకాణంలో ఎప్పుడో మొదలైన వేళాకోళం అలా అంటుకుపోయింది. కండక్టరు నడినెత్తి నున్నగా ఉంటుంది, చెవుల చుట్టూ మాత్రం తెల్లగా నాలుగు పోగులు. వారం వారం కోయడానికి అక్కడ ఏముందని అడగకండి. ఏమీ లేదు. కత్తెరయ్య దువ్వెన పెట్టి, చెవి పక్కన గాలిలోనే కత్తెర ఆడించేవాడు. ఆ చప్పుడు వినిపించినంతసేపూ కండక్టరు కళ్ళు మూసుకుని కబుర్లు చెప్పేవాడు. కోసేది గాలినేనని ఇద్దరికీ తెలుసు. ఇద్దరిలో ఒక్కరూ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

కండక్టరు వెళ్ళిపోయాక మళ్ళీ ఆదివారం దాకా కత్తెరయ్యకి మాట్లాడే దిక్కు లేదు. పాలబ్బాయితో 'ఊఁ' అనడం కూడా మాటే అంటారా, అది మీ ఇష్టం. రోజంతా జనంతో వాగి వాగి బతికిన మనిషి. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి నోరు పిడచకట్టుకుపోయేది, దాహం వల్ల కాదు.

ఒంటరితనం ఊరికే కూర్చోనివ్వదు. ఏదో ఒకటి గెలకమంటుంది. భార్య వాడిన గడ్డి కోసే మిషను కొట్టు గదిలోంచి బయటికి తీశాడు. మంచి పనే. కానీ చేసేదెవరు? జీవితమంతా మెడ వెనక ఒక్క వెంట్రుక మిగిలినా ప్రాణం పోయినట్టు గిలగిల్లాడిన మనిషి. బ్లేడుని ఎంత కిందికి దించొచ్చో అంత కిందికి దించాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా బర్రుమని లాగాడు. అయిపోయాక చెయ్యి వేసి చూస్తే అరచేతికి గరుగ్గా తగిలింది. ఆయనకి ఎంత తృప్తి కలిగిందో చెప్పలేను.

"ఏంటి బావా, దీనికి పేలు పట్టాయా, గుండు కొట్టేశావ్?" అన్నాడు కండక్టరు ఆ ఆదివారం.

"నీట్‌గా ఉండద్దూ మరి? నీలాంటి పెద్దమనుషులొచ్చే చోటు."

పెద్దమనిషి మాటకి ఇద్దరూ పడీపడీ నవ్వారు.

గడ్డి మాత్రం నవ్వలేదు. నెత్తిన నీడ పోయేసరికి మట్టి ఎండకి మాడింది, వేళ్ళు బలం తప్పాయి, అక్కడక్కడా నేల బయటపడింది. ఖాళీ కనబడితే కలుపు ఊరుకుంటుందా? ముందు వెడల్పాటి ఆకులు నేలకి కరుచుకుని లేచాయి. తర్వాత పసుప్పచ్చ పువ్వులవి. ఆ తర్వాత తీగలా పాకేది ఒకటి, కాళ్ళకి గుచ్చుకునే ముళ్ళది ఇంకొకటి. కత్తెరయ్య పట్టుదలగా మళ్ళీ గుండు కొట్టాడు. కలుపు ఇంకా కిందికి నక్కి బ్లేడుకి అందకుండా పోయింది, తెగిందల్లా గడ్డే. తనకి తెలిసిన విద్య అదొక్కటే కదా పాపం, మళ్ళీ కొట్టాడు. రెండు నెలలు తిరిగేసరికి పచ్చిక పోయి కుర్చీ చుట్టూ పిచ్చిమొక్కల సంత మిగిలింది.

కండక్టర్ని స్కూటరు మీద దింపి వెళ్ళేది ఆయన కూతురు. మందుల షాపు నడుపుతుంది, మాట ఖరాఖండీ, మనసు మంచిదే. ఒక ఆదివారం తండ్రి అరికాల్లో ముల్లు దిగింది. ఆయనకి ఆ పచ్చిక మీద చెప్పులు విప్పి నడవడం అలవాటు. కూతురు ముల్లు తీసి, చుట్టూ ఒకసారి చూసింది.

"మామయ్యా, ఏమీ అనుకోకండి. ఇది ఇల్లా, అడవా? పురుగూ పుట్రా చేరితే ఏం చేస్తారు? మా షాపు పక్కనే కొత్తగా సెలూన్ పెట్టారు, ఏసీ కూడా ఉంది. వచ్చే నెల నుంచి నాన్నని అక్కడికి తీసుకెళ్తాలెండి."

ఆవిడ మామూలుగానే అంది. కత్తెరయ్య గుండెలో మాత్రం రాయి పడింది. ఆ ఒక్క తలా పోతే ఇక ఈ ఇంట్లో మనిషి గొంతు వినబడదు. "అయ్యో, ఎందుకమ్మా, వచ్చే ఆదివారానికల్లా అద్దంలా చేసేస్తాగా" అన్నాడు కంగారుగా. అన్న మాట నిలబెట్టుకోవడానికి మర్నాడే కలుపు మందు కోసం ఎరువుల షాపుకి పరిగెత్తాడు. "గట్టిది ఇవ్వు" అన్నాడు. ఏది గట్టిదో వాళ్ళు ఇచ్చారు. డబ్బా చుట్టూ చీమల బారులా చిన్న అక్షరాలు. ఎవరికుంది అంత ఓపిక? కలుపు మందు కలుపుని చంపుతుంది, అందులో చదవడానికేముందనుకున్నాడు.

ఇక్కడే చేశాడు మహానుభావుడు అసలు పని. జుట్టు తడపడానికి నీళ్ళు పోసి బుస్ బుస్‌మని కొట్టే సీసాలు ఆయన దగ్గర రెండున్నాయి. రెండూ నీలం రంగువి, రెండూ ఒకే పోలిక, కవల పిల్లల్లా. పెద్ద పంపుతో కొడితే గడ్డి మీద కూడా పడుతుంది, ఇదైతే ఒక్కో కలుపు మొక్క నెత్తిన ముచ్చటగా కొట్టొచ్చు కదా అని తన తెలివికి తనే మురిసిపోయాడు. మందు మూతతో కొలిచి, ఎందుకైనా మంచిదని ఇంకో మూత వేసి, ఒక సీసాలో కలిపాడు. చేతికి తొడుగు లేదు, ముక్కుకి గుడ్డ లేదు. రేపు తేడా తెలియాలి కదా, ఆ సీసా మెడకి ఎర్ర రబ్బరు బ్యాండు వేశాడు. కొట్టడం అయ్యాక దాన్ని తీసుకెళ్ళి ఎక్కడ పెట్టాడంటారు? అలవాటు చొప్పున కుర్చీ పక్కనుండే దువ్వెనల బల్ల మీద, రెండో సీసా పక్కన.

మూడు రోజుల్లో కలుపు వాడిపోయింది. వాడితే వాడింది, చుట్టుపక్కల గడ్డి కూడా పసుప్పచ్చగా మాడింది, అయినా ఆయన ఖుషీగానే ఉన్నాడు. శనివారం సాయంత్రం దువ్వెనలన్నీ కడిగి తుడిచాడు. వాటిని కట్టగా చుట్టడానికి ఏదైనా దొరుకుతుందా అని బల్ల మీద తడుముతుంటే చేతికి ఎర్ర రబ్బరు బ్యాండు తగిలింది. లాగి దువ్వెనలకి చుట్టేశాడు. ఆయన మనసప్పుడు రేపటి కబుర్ల మీద ఉంది.

ఆదివారం ఎండ హాయిగా ఉంది. కూతురు తండ్రిని దింపి, వాడిన కలుపు చూసి, "బాగు చేశారే మామయ్యా!" అని వెళ్ళింది. కండక్టరు కుర్చీలో చేరగిలబడి తువ్వాలు కప్పించుకున్నాడు. అద్దం కథ మొదలెట్టాడు. ఎవరో ఒకాయన నిలువుటద్దం ఒకటి బస్సెక్కించాడట. రద్దీలో దాని ముందు నిలబడి కండక్టరు, "ఏమయ్యా, నిన్నే, టికెట్ తీశావా?" అని తన బొమ్మనే గదమాయించాడట. ఈ కథ కత్తెరయ్య ఎన్నిసార్లు విన్నాడో. ప్రతిసారీ అదే చోట "ఆఁ! తర్వాత?" అంటాడు.

"వాడేమో పలకడు బావా. నేను చెయ్యెత్తితే వాడూ చెయ్యెత్తుతాడు. నాకు ఒళ్ళు మండి..."

"ఆఁ! తర్వాత?" అంటూ కత్తెరయ్య నీలం సీసా అందుకుని ఆ నాలుగు పోగుల మీద, మెడ మీద, నుదుటి మీద బుస్ బుస్‌మని కొట్టాడు.

వాసన ముక్కుకి తగిలింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కండక్టరు కళ్ళు మూసుకునే ఉన్నాడు. నుదుటి మీద చుక్కలు కనుబొమల దగ్గర ఆగి ఉన్నాయి. కథ నడుస్తూనే ఉంది. తువ్వాలుతో గబగబా తుడిచేస్తే? నాలుగు చుక్కలేగా. ఏమీ కాకపోవచ్చు. ఆయనకి తెలియను కూడా తెలియదు, మళ్ళీ ఆదివారం వస్తాడు, ఆ పై ఆదివారం కూడా వస్తాడు. చెబితే కూతురు ఇక ఈ గేటు తొక్కనివ్వదు. ఇదంతా ఆయన బుర్రలో ఒక్క ఊపిరిలో తిరిగింది. కత్తెరయ్యని వెనకేసుకు రావడం నా పని కాదు, ఆయన చెయ్యి తువ్వాలు కొసని పట్టుకున్న మాట నిజం. పట్టుకుని, వదిలేసింది.

"బావా, లే. కళ్ళు తెరవకు. నోరు కూడా మూసుకో."

"ఏమైందిరా?"

"నీ నెత్తిన కలుపు మందు కొట్టాను. సీసా మారిపోయింది. లే, పంపు దగ్గరికి పద."

కండక్టరు ముందు నవ్వాడు. "నా నెత్తిన కలుపెక్కడుంది బావా, పంటే లేకపోతే!" అంటూ లేవబోయాడు. అంతలో చుక్క ఒకటి జారి కంట్లో పడ్డట్టుంది, కెవ్వుమన్నాడు. కత్తెరయ్య ఆయన్ని నడుం పట్టి లాక్కుపోయి, పైపు తీసి, తల మీద, మెడ మీద, రెప్పలు విప్పి కంట్లో నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. చొక్కా విప్పించాడు. మధ్యలో కండక్టరు "చాలురా" అన్నా ఆపలేదు. కూతురికి ఫోను చేశాడు, ఏం కొట్టాడో కూడా దాచకుండా చెప్పాడు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మందు డబ్బా సంచిలో వేసుకున్నాడు. ఆ పూట ఆయన చేసిన తెలివైన పనులు ఇవే.

"వెంటనే కడిగారు కాబట్టి సరిపోయింది. కన్ను ఎర్రబడింది, మెడ మీద దద్దుర్లు. చుక్కలు వేస్తే పది రోజుల్లో తగ్గుతుంది" అన్నాడు డాక్టరు, డబ్బా మీది అక్షరాలు చదివాక.

కూతురు ఆ డబ్బా తీసుకుని వరండాలో కత్తెరయ్య ముందు నిలబడింది. అరవలేదు. అరిచినా బాగుండేది. చిన్న అక్షరాలు ఒక్కొక్క వరసా పైకి చదివింది. చేతులకి తొడుగులు వేసుకోవాలి. చెప్పిన కొలత దాటకూడదు. మరో సీసాలోకి మార్చకూడదు. ఇంట్లో వాడుకునే వస్తువుల దగ్గర ఉంచకూడదు.

"చూడండి, ఇందులో ఒక్కటైనా పాటించారా మీరు? షాపుకొచ్చే ప్రతివాళ్ళకీ చెప్తాను, ఒక సీసాలోది ఇంకో సీసాలో పొయ్యొద్దని. ఇంట్లో మనిషికి చెప్పాల్సొస్తుందని అనుకోలేదు. ఇక నాన్న రారు."

మామయ్యా అని అనలేదు. కత్తెరయ్యకి మిగతా మాటలకంటే అది ఎక్కువ తగిలింది. లోపల మంచం మీద కండక్టరు ఒక కంటికి కట్టుతో కూర్చుని ఉన్నాడు. రెండో కన్ను బాగానే ఉంది. ఆ కంటితో ఒకసారి కత్తెరయ్య వైపు చూసి, కిటికీ వైపు తిరిగాడు.

తర్వాత ఆదివారం కత్తెరయ్య అలవాటుగా తువ్వాలు ఉతికి ఆరేశాడు. స్కూటరు చప్పుడు వినబడినప్పుడల్లా గేటు వైపు చూశాడు. దారిన పోయే స్కూటర్లన్నీ దారినే పోయాయి. ఆ పై ఆదివారం తువ్వాలు ఉతకలేదు. కుర్చీని ఈడ్చుకెళ్ళి వరండాలో పెట్టి దుప్పటి కప్పాడు. ఒకరోజు ఫోను మోగింది. ఎవరో గ్యాసు కంపెనీ అనుకుని చేశారు. రాంగ్ నంబరని పెట్టెయ్యొచ్చు కదా? పెట్టలేదు. గ్యాసు ఎన్నాళ్ళొస్తోంది, ఇంట్లో ఎంతమంది, పైపు ఎప్పుడు మార్చారు అని అడుగుతూ కూర్చున్నాడు. అవతలి మనిషి విసుక్కుని పెట్టేశాక కూడా ఫోను చెవి దగ్గరే ఉంచుకున్నాడు. మనిషి దొరక్కపోతే ఎంత దిగజారిపోతామో చూడండి.

డబ్బా, ఆ నీలం సీసా వరండా మూల ఉన్నాయి. వాటిని చూస్తే భయం. మోరీలో పారబోద్దామని ఎత్తాడు, మళ్ళీ దించాడు. చివరికి గుడ్డలో చుట్టి పట్టుకుని విత్తనాల షాపుకి వెళ్ళాడు. ఆ షాపావిడ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని సంగతంతా విన్నది.

"మోరీలో పొయ్యలేదు, బతికించావ్ పెద్దాయనా. ఊరి చెత్త కేంద్రంలో ఇలాంటివాటికి వేరే గది ఉంది, అక్కడ అప్పజెప్పు. ఆ సీసా కూడా ఇచ్చెయ్, కడిగి వాడుకుందామని చూడకు. సరే, గడ్డి ఎంత ఎత్తులో కోస్తావు?"

ఆయన బొటనవేలి గోరు చూపించాడు.

"అయ్యో రాత! గుండు కొట్టేస్తే కలుపు రాక ఇంకేమొస్తుంది? నీ మందు సంగతి తర్వాత, ముందు నీ మిషను బ్లేడు పైకెత్తు. గడ్డి వేలెడెత్తు ఉండాలి. దాని నీడలో కలుపు విత్తనం లేవదు. నీళ్ళు రోజూ చిలకరించకు, వారానికో రెండుసార్లు వేళ్ళదాకా దిగేట్టు పెట్టు. కలుపు పీకేది నేల తడిగా ఉన్నప్పుడు, పువ్వు గింజ కట్టకముందే, వేరుతో సహా. పీకిన గుంటలో గడ్డి గింజలు చల్లు. ఖాళీ ఉంచావా, మళ్ళీ అదే వచ్చి కూర్చుంటుంది."

"అంతా పోతుందా అమ్మా?"

"అంతా ఎందుకు పోవాలి? నాలుగు ఉంటే ఉంటాయి. తేనెటీగలకి పువ్వులొద్దూ? కాళ్ళకి గుచ్చుకునేది తీసెయ్, మిగతావాటితో సర్దుకో."

కత్తెరయ్య డబ్బా, సీసా ఆ గదిలో అప్పజెప్పి, దాని కవలని కూడా ఉంచుకోబుద్ధి కాక పారేసి, ఇంటికొచ్చి బ్లేడు పైకెత్తాడు. అదేమంత చిన్న విషయం కాదు ఆయనకి. గడ్డి పెరుగుతుంటే ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుండేది, చెయ్యి మిషను మీదికి పోయేది, పళ్ళు బిగబట్టి కూర్చునేవాడు. వాన పడ్డ మర్నాడు పాత కత్తెరని విడదీసి, ఒక్క రెక్కతో వేరు పక్కన గుచ్చి, పైకి లేపి లాగేవాడు. ముళ్ళ మొక్క వేరు తెగకుండా మొత్తం ఊడి వస్తే, "చూశావా బావా!" అనబోయి నాలుక కరుచుకునేవాడు. ఎవరున్నారక్కడ? పీకిన చోట గింజలు చల్లి, మట్టి కప్పి, అరచేత్తో మెల్లగా అదిమేవాడు. ఒంగి ఒంగి నడుం పట్టేసేది, అయినా పొద్దు గడిచేది.

మందు పడి మాడిన చోట చాలాకాలం ఏమీ మొలవలేదు. గింజలు చల్లిన ప్రతిసారీ పిచ్చుకలు తినిపోయాయి. ఆయన వాటినీ తిట్టలేదు, వచ్చి పోయే ప్రాణం కదా అనుకున్నాడు.

ఒకరోజు గుండె చిక్కబట్టుకుని కండక్టరు ఇంటికి వెళ్ళాడు. గేటు దగ్గరికి కూతురు వచ్చింది. "కన్ను తగ్గింది. నాన్న పడుకున్నారు" అంది. లోపల టీవీ చప్పుడు, దాని మీదుగా కండక్టరు దగ్గు. ఆ దగ్గు కత్తెరయ్యకి తెలియదా? పడుకున్న మనిషి దగ్గు కాదది. "సరేనమ్మా, తగ్గింది కదా, అదే చాలు" అని వెనక్కి తిరిగాడు. దారి పొడుగునా తనని తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. ఆ రోజు నుంచి మళ్ళీ వెళ్ళలేదు. వాళ్ళ షాపు పక్కన ఏసీ సెలూన్ ముందు నుంచి పోవాల్సి వస్తే వీధి మారేవాడు. ఆ కుర్చీలో, వేరేవాడి చేతికింద, ఆ తల కనబడితే తట్టుకోలేడు.

వానలు పోయి చలి వచ్చింది. పచ్చిక వేలెడెత్తున ఒత్తుగా పరుచుకుంది. చెయ్యి వేస్తే గరుగ్గా లేదు, మెత్తగా లోపలికి దిగింది. అక్కడక్కడా తెల్ల పువ్వులు ఉంటే ఉండనిచ్చాడు. ఇంత బాగా వచ్చిందే, ఎవరికి చూపించాలి? పాలబ్బాయిని పిలిచి, "చూడు, ఎలా ఉంది?" అన్నాడు. "ఏది తాతా?" అన్నాడు వాడు, గేటు దగ్గర నుంచే. ఆ రాత్రి కత్తెరయ్య అన్నం సగంలోనే వదిలేశాడు.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం, ఆయన గట్టు మీద కూర్చుని టీ తాగుతుంటే గేటు కిర్రుమంది. కండక్టరు! ఒక్కడే లోపలికి వచ్చాడు. కూతురు గేటు బయట స్కూటరు మీదే కూర్చుని ఉంది, ఇంజను కూడా ఆపలేదు. కత్తెరయ్య చూపు నేరుగా తల మీదికి పోయింది. నడినెత్తి ఎప్పటిలాగే నున్నగా ఉంది, చెవుల చుట్టూ మాత్రం జుట్టు పెరిగి పెరిగి భుజాల మీద పడుతోంది. చెవులు కనబడడం లేదు. మెడ వెనక ఆ తెల్ల పోగులు ముడులు పడి ఉన్నాయి. ఏ సెలూన్ కుర్చీ ఎక్కిన తలా కాదది. కత్తెరయ్య చేతిలో టీ గ్లాసు ఒలికి కాలి మీద పడింది, ఆయనకి తెలియలేదు.

"ఏంట్రా అలా చూస్తావ్? జనం స్వామీజీ అనుకుని దండాలు పెడుతున్నారు. కుర్చీ ఏది?"

కత్తెరయ్య దుప్పటి లాగేసి కుర్చీని వరండాలోంచి పచ్చిక మీదికి ఈడ్చుకొచ్చాడు. కండక్టరు చెప్పులు విప్పబోయి, ఒక్క క్షణం ఆగి, కత్తెరయ్య మొహంలోకి చూశాడు.

"మందేమీ లేదు బావా. ఆ రోజు నుంచి చుక్క కొట్టలేదు. చేత్తోనే పీకాను" అన్నాడు కత్తెరయ్య.

కండక్టరు చెప్పులు విప్పలేదు. వాటితోనే గడ్డి మీదుగా నడిచొచ్చి కూర్చున్నాడు. తువ్వాలు కప్పించుకుని, తడపడానికి కత్తెరయ్య అటూ ఇటూ చూస్తుంటే, తన సంచిలోంచి నీళ్ళ సీసా తీసి చేతికిచ్చాడు.

"ఇంటి నుంచి తెచ్చుకున్నాను. ఇవి వాడు."

"అమ్మాయి పంపించిందా?"

"లేదు. నేనే పట్టుకొచ్చా" అన్నాడు.

కత్తెరయ్య ఆ మాట మింగాడు. గొంతులో ముల్లులా దిగింది, దిగనిచ్చాడు. సీసా వంచి నీళ్ళు దోసిట్లో పోసుకుని, మనిషి ఉలిక్కిపడకుండా ముందే చెప్పి, అరచేతులతో ఆ జుట్టు తడిపాడు. అరచేయి నుదుటికి తగలగానే కండక్టరు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, భుజాలు బిగుసుకున్నాయి. కత్తెరయ్య చూశాడు. చూసి కూడా పని ఆపలేదు. ఒక్కొక్క ముడీ వేళ్ళతో విప్పి, దువ్వి, నిజంగా కోశాడు. తెల్ల పోగులు గడ్డి మీద పడ్డాయి. ఇద్దరూ కబుర్లేమీ చెప్పుకోలేదు. చివరికి వచ్చేసరికి బిగుసుకున్న భుజాలు కొంచెం, కొంచెమే, కిందికి జారాయి.

అయిపోయాక కండక్టరు మెడ తడుముకుని లేచాడు. సీసాలో సగం నీళ్ళు మిగిలాయి. మూత బిగించి మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

"వచ్చే ఆదివారం కూడా తెచ్చుకుంటావా బావా?" అన్నాడు కత్తెరయ్య.

"తెచ్చుకుంటాను. భయం పోలేదురా, అబద్ధమెందుకు? కానీ ఇన్నాళ్ళూ ఇంట్లో కూర్చోవడం కంటే ఈ సీసా మోసుకురావడమే తేలిగ్గా ఉంది."

స్కూటరు వెళ్ళిపోయింది. కత్తెరయ్య గేటు వేసి, తువ్వాలు దులిపి, నీళ్ళలో నానబెట్టాడు.